పాలియురిథేనులు : పార్శ్వములందు ప్రమేయ సమూహముల సంయోజనము

ఐసోసయనేటు సమూహమును హైడ్రాక్సిలు సమూహమును కలిసినప్పుడు, నీరు గాని వేరొక ఉపోత్పన్నము గాని వెలువడకుండ, ఆల్కహాలులోని ఉదజని నత్రజనిపైకి తరలి, కర్బనమునకును ఆమ్లజనికిని నడుమ క్రొత్త బంధ మేర్పడును. నత్రజని, దాని నంటిపెట్టుకొన్న ఉదజని, ప్రక్కన కార్బొనైలు, దాని కావల ఆమ్లజని అను ఈ చిన్న కూర్పునకు యురిథేను బంధమని పేరు. ఇట్టి బంధములు అసంఖ్యాకముగా వరుసదీరిన దీర్ఘాణువులే పాలియురిథేనులు. పరుపులలోని నురుగు, పాదరక్షల అడుగుభాగము, రిఫ్రిజిరేటరు గోడలలో నింపు ఉష్ణనిరోధకము, కలపపై పూయు మెఱుగు, సాగెడు నూలు, పేస్‌మేకరునుండి గుండెలోనికి పోవు తీగల తొడుగు, ఇన్ని విధములైన వస్తువు లొక్క కుటుంబమునుండి పుట్టుట చూచి, ఈ పదార్థమునకు అసాధ్యమైన దేదియు లేదని తలచుట సహజమే. కాని ఈ వైవిధ్యమంతయు అణువుయొక్క వెన్నెముకను పొడిగించియు కుదించియు, అందలి మెత్తని భాగమును గట్టి భాగమును వేర్వేరు పాళ్ళలో పొదిగియు సాధించినదే. నీటిలో విరివిగా కలియుట, రక్తమును గడ్డకట్టనీయకుండుట, ఔషధమునో జీవకణమునో పట్టి నిలుపుట మొదలగు గుణములు వెన్నెముక మార్పులతో మాత్రమే లభింపవు. వానికై వెన్నెముకకు ప్రక్కలయందు కార్బాక్సిలు, అమైను, సల్ఫోనేటు, థయోలు, ఫాస్ఫోనేటు మున్నగు ప్రమేయ సమూహములను తగిలింపవలసి యుండును. ఈ తగిలింపు ఏయే విధముల జరుగునో, దానివలన పదార్థమునకు కలుగు లాభమేమో, నష్టమేమో ఈ వ్యాసమున వివరింపబడును.

ఐసోసయనేటులను 1849 లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు షార్ల్ అడోల్ఫ్ వుర్ట్స్ తొలుత తయారుచేసెను. అవి పరిశ్రమ కక్కఱకు వచ్చుటకు దాదాపు తొంబది సంవత్సరములు పట్టినది. అమెరికాలో డ్యుపాంట్ సంస్థయందు కరోథర్స్ నైలానును సాధించి, పాలియమైడులపై హక్కులు ఆ సంస్థకు దక్కియున్న తరుణమున, ఆ హక్కుల పరిధికి వెలుపల నారను ప్లాస్టికును తయారుచేయు మార్గ మొకటి వెదకుచు, జర్మనీ దేశమున లెవర్‌కూజెన్‌లోని ఐ.జి. ఫార్బెన్ ప్రయోగశాలలో ఓటో బాయర్ 1937 లో ద్వి-ఐసోసయనేటులను ద్వి-ఆల్కహాలులతో సంయోగ మొనర్చి దీర్ఘశృంఖలములను నిర్మించెను. (లెవర్‌కూజెన్‌లోని సుప్రసిద్ధ సంస్థకు ఇతని యింటిపేరే యుండుట కాకతాళీయము, ఆ సంస్థాపకులతో ఇతనికి బంధుత్వము లేదు.) తొలి రెండు దశాబ్దుల కృషియంతయు నారలు, నురుగులు, పూతలు, జిగురులు అను వానిపైననే సాగినది. 1958 లో డ్యుపాంట్‌లో జోసెఫ్ షివర్స్ సాగుడు నూలును సాధించుటతో, ఒకే శృంఖలమున మెత్తని ఖండములను గట్టి ఖండములను ఒకదాని తరువాత నొకటిగా కూర్చిన ఖండిత పాలియురిథేనుల ప్రాశస్త్యము లోకమునకు తెలియవచ్చినది. 1967 లో బొరెటోస్, పియర్స్ అను పరిశోధకులు అమెరికాలోని జాతీయ హృదయ సంస్థనుండి ఇదే జాతి పదార్థము వైద్యోపయోగమునకు తగినదని ప్రకటించిరి. పదార్థము దేహములో ప్రవేశించిన నాటినుండియే, పార్శ్వ సమూహముల ఆవశ్యకత నిజముగా మొదలైనదని చెప్పవచ్చును.

ఇందలి చిక్కు గ్రహింపవలెనన్నచో ఐసోసయనేటు స్వభావమును మొదట తెలిసికొనవలెను. ఆ సమూహమునందలి కర్బనము ఇరువైపుల ఆమ్లజని నత్రజనులచే ఆకర్షింపబడి, ఎలక్ట్రానుల లేమిచే, చలనశీలమైన ఉదజని గల ప్రతి సమూహముతోను సంయోగము చెందుటకు సిద్ధముగా నుండును. అమైనులతో అతిశీఘ్రముగా కలిసి యూరియా బంధమును, ఆల్కహాలులతో యురిథేనును, నీటితో తొలుత అమైనును, తోడనే బొగ్గుపులుసు వాయువును ఇచ్చును. నురుగు పొంగుటకు కారణ మీ వాయువే. వేడిమి హెచ్చినచో తాను నిర్మించిన యురిథేను బంధముపైననే తిరిగి దాడిచేసి అల్లోఫనేటు అను శాఖాబంధమును కల్పించును. అమైను, హైడ్రాక్సిలు, థయోలు, కార్బాక్సిలు అని మనము ప్రక్కలకు కోరు సమూహము లన్నియు ఐసోసయనేటునకు ఆహారములే. వానిని ముడిపదార్థముతోపాటు పాత్రలో వేసినచో అవి పార్శ్వములందు నిలువక, తామే వెన్నెముకలో కలిసిపోవుటయో, శాఖలై అడ్డుబంధములను కల్పించి సరకునంతటిని కరగని జిగటముద్దగా మార్చుటయో జరుగును. కావున కోరిన సమూహమును ఐసోసయనేటు కంటబడకుండ ముందే లోపలికి చేర్చుటయో, ఐసోసయనేటు పూర్తిగా వ్యయమైన తరువాత తయారైన శృంఖలమునకు తగిలించుటయో తప్ప గత్యంతరము లేదు.

రెండవ మార్గమున మరియొక చిక్కు పొంచియున్నది. తయారైన శృంఖలముపై రసాయనిక చర్యకు లోబడు స్థానము లెక్కువగా లేవు. ఉన్నవానిలో ముఖ్యమైనది యురిథేను నత్రజనిపై నున్న ఉదజని. ఈ ఉదజనియే పదార్థ బలమునకు మూలము. మిథిలీన్ డైఫినైల్ డైఐసోసయనేటు (వ్యవహారమున ఎం.డి.ఐ.), 1,4-బ్యూటేన్‌డయోలు కలిసి ఏర్పఱచు గట్టి ఖండములు, ఒక శృంఖలమందలి నత్రజనిపై నున్న ఉదజని వేరొక శృంఖలమందలి కార్బొనైలుతో ఉదజని బంధముచే ముడివడుటచేత, గుంపులై, మెత్తని పాలీఈథరు ఖండముల నడుమ కొలది నానోమీటర్ల పరిమాణము గల దీవులుగా విడివడును. సాగినది తిరిగి మొదటి పొడవునకు వచ్చుటకును, వేడిచేసినప్పుడు కరగి అచ్చులోనికి పోవుటకును ఈ దీవులే కారణము. పరారుణ వర్ణపటమున బంధింపబడని కార్బొనైలు సెంటీమీటరునకు సుమారు 1730 తరంగముల చోటను, ఉదజని బంధమునకు లోనైనది 1700 చేరువలోను విడివిడిగా కనబడుటచే, ఈ ముడులు ఎన్ని యున్నవో కంటితో చూచినట్లే తెలియును. కావున నత్రజనిపై నున్న ఉదజనిని తొలగించి దాని స్థానమున మరియొకటి నిలిపినప్పుడెల్ల పదార్థ బలములో కొంత వ్యయమగును. మార్పునకు ద్వారమును దృఢత్వమునకు ఆధారమును ఒకే పరమాణువగుటయే ఈ శాస్త్రశాఖ కంతకును కీలకమైన విషయము.

శృంఖల నిర్మాణముతోడనే చేర్చుట

మొదటి మార్గమున అత్యంత విజయవంతమైనది డైమిథైలోల్ ప్రొపియానిక్ ఆమ్లము. పరిశ్రమలో దీనిని డి.ఎం.పి.ఏ. అనియే వ్యవహరింతురు. దీని అణువులో రెండు హైడ్రాక్సిలులు, ఒక కార్బాక్సిలు కలవు. సాధారణముగా కార్బాక్సిలును ఐసోసయనేటు విడిచిపెట్టదు. ఇచ్చట ఆ కార్బాక్సిలు తగులుకొనియున్న కర్బనమునకే ఒక మిథైలు, రెండు హైడ్రాక్సీమిథైలు సమూహములు కూడ నంటియుండుటచే, అది మూడువైపుల ఇఱుకునబడి, ఐసోసయనేటు సమీపించుటకు చోటు చాలకుండును. పైగా హైడ్రాక్సిలుల వేగము ముందు ఆమ్లము వేగము స్వభావముచేతనే తక్కువ. ఉష్ణోగ్రతను మితిమీరనీయనిచో హైడ్రాక్సిలులు రెండును వెన్నెముకలో చేరిపోవును. ఆమ్లము మాత్రము ప్రక్కన చెక్కుచెదరక నిలిచియుండును.

ఈ క్రియను కర్మాగారములో నడుపు తీరు గమనింపదగినది. పాలీఆల్కహాలు, డి.ఎం.పి.ఏ., కావలసినదానికంటె అధికముగా ఐసోఫొరోన్ డైఐసోసయనేటు వంటి ద్వి-ఐసోసయనేటు కలిపి, ఐసోసయనేటు చివరలు గల పొట్టి శృంఖలములను మొదట సిద్ధపఱతురు. డి.ఎం.పి.ఏ. యొక్క ద్రవీభవన స్థాన మధికమగుటయు, అది పాలీఆల్కహాలులందు తేలికగా కరగకుండుటయు కారణముగా చిరకాలము ఎన్-మిథైల్ పైరొలిడోను అను ద్రావణిని వాడిరి. ఆ ద్రావణి గర్భస్థ శిశువులకు హానికరమని తేలిన పిమ్మట ఐరోపాలో దానిపై ఆంక్షలు వచ్చుటచే, త్వరగా కరగు డైమిథైలోల్ బ్యుటనోయిక్ ఆమ్లమువైపును, అసిటోనువైపును కొందఱు మఱలిరి. తరువాత ట్రైఇథైల్ అమైనును చేర్చి కార్బాక్సిలులను లవణములుగా మార్చి, గట్టిగా కలియబెట్టుచు నీటిని పోయుదురు. తొలుత మిశ్రమము చిక్కబడి కలుపుకఱ్ఱకు బరువగును. నీరు మరికొంత చేరగానే లోపలి దశ వెలుపలికిని, వెలుపలి దశ లోపలికిని తారుమారై, చిక్కదన మొక్కసారిగా సడలి, పలుచని పాలవలె తెల్లని ద్రవ మేర్పడును. అప్పుడు ద్వి-అమైనును చేర్చి, మిగిలిన ఐసోసయనేటు చివరలను నీటిలోనే కలిపివైచి శృంఖలములను పొడిగింతురు. ప్రతి రేణువుయొక్క ఉపరితలమందును ఋణావేశము గల కార్బాక్సిలేటు లుండుటచేత రేణువులు ఒండొంటిని దూరముగా నెట్టుకొని నెలల తరబడి అడుగంటకుండ నిలుచును.

నూఱు గ్రాముల పాలిమరులో అయిదు గ్రాముల డి.ఎం.పి.ఏ. ఉన్నచో, దాని అణుభారము 134 కావున, కార్బాక్సిలుల మొత్తము 0.037 మోలు, ఆమ్లాంకము సుమారు 21, పూర్తిగా తటస్థీకరించుటకు వలయు ట్రైఇథైల్ అమైను 3.8 గ్రాములు. ఇంతటి స్వల్పాంశమే, సహజముగా నీటిని వికర్షించు పదార్థమును నీటిలో విస్తరింపజేయుచున్నది. తోలుకు, కలపకు, వస్త్రములకు వేయు పూతలందు నేడు జ్వలనశీలములైన ద్రావణుల స్థానమును నీరు ఆక్రమించుచుండుటకు ఈ పార్శ్వ కార్బాక్సిలు ముఖ్యకారణమనుట అతిశయోక్తి కాదు. బాయర్ సంస్థలో డీటర్ డీటరిఖ్ ప్రభృతులు ఈ అయానిక పాలియురిథేనుల శాస్త్రమునకు పునాదులు వేసిరి. కార్బాక్సిలునకు బదులు ధనావేశము కావలసినచో ఎన్-మిథైల్ డైఇథనాలమైనును వెన్నెముకలో చేర్చి, అందలి తృతీయ నత్రజనిని ఆల్కైలు హాలైడుతో చతుర్థక లవణముగా మార్తురు. ఇట్టి ధనావేశ పాలిమరులలో కొన్నింటికి సూక్ష్మజీవులను సంహరించు శక్తి కూడ కలదు.

కార్బాక్సిలువలె తనను తాను కాచుకొనలేని సమూహములకు వేఱొక ఉపాయము పన్నిరి. ఐసోసయనేటు ఎంతమాత్రమును లెక్కచేయని సమూహమును మొదట వెన్నెముక ప్రక్కన నిలిపి, ఐసోసయనేటు పని ముగిసిన పిదప దానిద్వారా కోరినదానిని తగిలించుటయే ఆ ఉపాయము. కర్బనముల నడుమ త్రిబంధము గల ఆల్కైను సమూహ మిట్టిది. ఆల్కైను గల డయోలుతో పాలియురిథేనును నిర్మించి, రాగి లవణముల ఉత్ప్రేరణతో అజైడులను దానికి జోడించి, అయిదు పరమాణువుల ట్రయజోలు వలయముద్వారా నానావిధ పార్శ్వములను కల్పింపవచ్చునని బెల్జియమునందలి ఘెంట్ విశ్వవిద్యాలయమున ఫూర్నియే, డ్యు ప్రే 2008 లో చూపిరి. ఈ అజైడు-ఆల్కైను సంయోగము ‘క్లిక్’ రసాయనశాస్త్రమను పేర ప్రఖ్యాతమై, షార్ప్‌లెస్, మెల్డాల్, బెర్టోజి అనువారికి 2022 లో నోబెల్ బహుమానము తెచ్చిపెట్టినది. చర్య పరిశుభ్రమైనది, దిగుబడి పరిపూర్ణమైనది. కాని దేహమున అమర్పదలచిన వస్తువునుండి రాగిని లేశము మిగులనీయకుండ తీసివేయుట శ్రమతో గూడిన పని యగుటచే వైద్యరంగమున ఇది ఆశించినంత వ్యాపింపలేదు.

నిర్మితమైన శృంఖలముపై చేర్చుట

మొదటి మార్గమునకు ఒక పరిమితి కలదు. క్రొత్త డయోలు చేరినప్పుడెల్ల పాలిమరు క్రొత్తదగును. దాని బలము, సాగుదల, అచ్చుపోయు ఉష్ణోగ్రత అన్నియు మొదటినుండి పరీక్షింపవలసివచ్చును. ఏండ్లతరబడి వైద్యులు వాడి, గుణదోషము లెఱిగిన పదార్థ మొకటి చేతనున్నప్పుడు, దానినే తీసికొని, ప్రక్కల మాత్రము సవరించుట మేలను తలంపు ఇందుండియే పుట్టినది.

యురిథేను నత్రజనిపై నున్న ఉదజని బహు దుర్బలమైన ఆమ్లగుణము గలది. సోడియము హైడ్రైడు గాని, లిథియము టెర్షియరీ బ్యుటాక్సైడు వంటి ఆల్కాక్సైడు గాని దానిని లాగివేయగలదు. అప్పుడు నత్రజనిపై ఋణావేశము నిలుచును. ఆ నత్రజని ఆల్కైలు హాలైడుపై దాడిచేసి దానిని తనకు కట్టుకొనును. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున స్టూవర్ట్ కూపర్ బృందము 1980ల చివర ఈ పద్ధతిచే ప్రొపేన్ సల్టోను అను వలయాణువును తెఱచి, సల్ఫోనేటు పార్శ్వములు గల పాలియురిథేనులను తయారుచేసినది. రక్తమును గడ్డకట్టనీయని హెపారిను అణువులోకూడ సల్ఫేటు సమూహములు సమృద్ధిగా నుండుటయే వారికి స్ఫూర్తి. అట్టి పార్శ్వములు గల తలములపై రక్తఫలకములు తక్కువగా అంటుకొనుట నిజమే. కాని సల్ఫోనేటులు పెరిగినకొలది పదార్థము నీటిని పీల్చి ఉబ్బి, తడిసినప్పటి బలమును కోల్పోవుటయు నిజమే. ప్రొపేన్ సల్టోను క్యాన్సరు కారకమగుటచే ప్రయోగశాలలో దానిని చేతపట్టుటకే ఎంతయో జాగ్రత్త వలయును.

ఇంతకంటె బహుముఖమైన మార్గమును ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో రాబర్ట్ లెవీ, ఇవాన్ ఆల్ఫెరీవ్, వారి సహచరులు రూపొందించిరి. ప్రతి అక్కఱకు ప్రత్యేకముగా ఒక హాలైడును వెదకుటకు మాఱుగా, వారు మొదట బ్రోమిను చివర గల ఒక పొడుగాటి పార్శ్వమును నత్రజనిపై నాటి, పిదప ఆ బ్రోమినును తొలగించి దాని చోట గంధకముద్వారా కోరినదానిని కూర్చిరి. ఒకే మధ్యస్థ పదార్థమునుండి అనేక ఫలము లబ్బును. మొదటి అంచెను కొంచెము దగ్గఱనుండి చూతము. ఆరబెట్టిన పాలియురిథేనును డైమిథైల్ అసిటమైడులో కరగించి, గాలిలోని తేమ చొరకుండ ఆర్గాన్ వాయువును నింపి, ద్రావణమును చల్లబఱచి, క్షారమును చేర్చి, దానితో 1,6-డైబ్రోమోహెక్సేను వంటి ద్విబ్రోమైడును కలుపుదురు. ఇచ్చట రెండు నియమములు ముఖ్యము. ద్విబ్రోమైడు పుష్కలముగా నుండవలెను. లేనిచో ఒక అణువుయొక్క రెండు చివరలు రెండు శృంఖలములను పట్టి, అడ్డుబంధ మేర్పడి, పాత్రలోని ద్రావణ మంతయు గడ్డకట్టును. వేడిమి పెరుగరాదు, పెరిగినచో ఋణావేశము గల యురిథేను విచ్ఛిన్నమై, తిరిగి ఐసోసయనేటుగాను ఆల్కాక్సైడుగాను విడిపోయి, శృంఖలమే తెగిపోవును. చర్య ముగిసిన పిమ్మట ఎసిటిక్ ఆమ్లముతో క్షారమును అణచి, మిథనాలులో పోసి పాలిమరును అవక్షేపముగా రాబట్టి, మిగిలిన ద్విబ్రోమైడు పోవువఱకు కడుగుదురు.

నత్రజనులలో ఎన్నింటిని మార్పవలెననుటలోనే పనివాని వివేక మున్నది. ఎం.డి.ఐ., బ్యూటేన్‌డయోలు కలిసిన పునరావృత ఖండముయొక్క భారము 340. అందు రెండు యురిథేను నత్రజనులు కలవు. గట్టి ఖండములు నూటికి నలుబది పాళ్ళున్న పాలిమరులో, నూఱు గ్రాములకు ఇట్టి నత్రజనులు సుమారు 0.235 మోలు. వానిలో పదింట నొకదానిపై మాత్రము బ్రోమోహెక్సైలు పార్శ్వమును నాటినను, నూఱు గ్రాములకు 1.9 గ్రాముల బ్రోమిను చేరును. తరువాతి కూర్పులకు ఇది చాలును. మిగిలిన తొమ్మిది పాళ్ళ ఉదజని బంధములు చెక్కుచెదరక నిలుచుటచే సాగుదలయు బలమును చాలవఱకు దక్కును.

ఈ శ్రమ కంతకును ప్రేరణ యేమనగా, దేహములో పాలియురిథేను రెండు విధముల చెడును. మొదటిది ఆక్సీకరణము. 1980ల తొలినాళ్ళలో పేస్‌మేకరు తీగల తొడుగులు కొన్ని పగుళ్ళువాఱి విఫలమైనప్పుడు జరిపిన పరిశోధనలలో, పరాయి వస్తువును చుట్టుముట్టిన మాక్రోఫేజి కణములు విడుచు ఆక్సీకారకములు మెత్తని పాలీఈథరు ఖండములను కొఱుకుచున్నవనియు, తీగలోని కోబాల్టు వంటి లోహముల అయానులు లోపలివైపునుండి అదే పని చేయుచున్నవనియు తేలినది. రబ్బరు పరిశ్రమలో చిరకాలముగా వాడుచున్న ఫీనాలు జాతి ఆక్సీకరణ నిరోధకములను కలిపి చూడవచ్చును గాని, ఊరక కలిపినది కాలక్రమమున దేహద్రవములలోనికి ఊరిపోవును. దానినే పార్శ్వముగా నాటినచో ఎచ్చటికిని పోజాలదు. రెండవది సున్నము పేరుకొనుట. గుండె కవాటముగా అమర్చిన పొర నిరంతరము వంగుచు విప్పారుచుండగా, వంగుచోట కాల్షియము ఫాస్ఫేటు స్ఫటికములు పేరి దానిని బిఱుసెక్కించును. ఎముకలవ్యాధికి వాడు బిస్‌ఫాస్ఫొనేటు మందులకు ఈ స్ఫటికముల పెరుగుదలను అణచు శక్తి కలదు. కాని మందుగా అధికముగా నిచ్చినచో అవి ఎముకలనే చెఱచును. ఫిలడెల్ఫియా బృందము బిస్‌ఫాస్ఫొనేటును పాలియురిథేను పార్శ్వముగా బిగించి, కావలసినచోటనే దానిని నిలిపి, జంతువులలో ఆ పొరలు సున్నమునకు తట్టుకొనుటను 2001 నుండి వెలువరించిన వ్యాసములలో నిరూపించినది. మందుయొక్క కీడును దాని మేలునుండి విడదీసిన ఈ ఒక్క యుక్తి పార్శ్వ సంయోజన ప్రయోజనమును చూపుటకు చాలునని నా తలంపు.

అదే బ్రోమిను పార్శ్వముపై థయోలుగా మార్చిన కొలెస్టెరాలును కూర్చగా, ఆ తలముపై రక్తనాళముల లోపలి పొరకు చెందిన కణములు గట్టిగా అంటుకొని, గొఱ్ఱెలలో అమర్చిన కవాటములందు రక్తప్రవాహపు ఒఱపిడికి కూడ ఊడిపోక నిలిచినవి. దేహమునకు ‘ఇది నాదే’ యని సంకేతించు సి.డి. 47 అను ప్రోటీనును పాలిమరు తలములపై నాటి, రోగనిరోధక కణములు వానిని పరాయివిగా భావించి చుట్టుముట్టుటను తగ్గింపవచ్చునని తరువాత చూపిరి.

శృంఖల మంతటిని కదలింపక, తయారైన వస్తువు ఉపరితలమును మాత్రము సవరించు పద్ధతులు కూడ కలవు. ప్లాస్మాకో గామాకిరణములకో లోనుచేసి ఎక్రిలిక్ ఆమ్లమును పెంచుట, హెక్సామిథిలీన్ డైఐసోసయనేటుతో ఉపరితలపు యురిథేనులపై అల్లోఫనేటు బంధము కల్పించి, దాని రెండవ చివరకు పాలీఇథిలీన్ గ్లైకాలును గాని హెపారినును గాని తగిలించుట ఇందు ముఖ్యములు. వీనిని గూర్చి వెలువడు ప్రశంసలను కొంత తగ్గించి చదువుకొనుట మంచిది. పాలియురిథేను తలము స్థిరమైనది కాదు. గాలిలో నీటికి దూరమైన ఖండములు పైకి తేలి, నీటిలో ముంచగానే నీటిని కోరు ఖండములు పైకి వచ్చును. నిన్న పైన నాటిన సమూహము ఆరబెట్టి నిలువయుంచిన కొలది దినములలో లోపలికి మునిగిపోయి, కొలతకు దొరకకుండుట పరిశోధకులకు సుపరిచితమైన అనుభవము.

ఆముదము, రాకెట్టు ఇంధనము

తెలంగాణములో మహబూబ్‌నగరు, నల్లగొండ ప్రాంతముల మెట్టభూములలో పండు ఆముదమునకు ఈ విషయముతో దగ్గఱి సంబంధము కలదు. ఇతర నూనెలలో హైడ్రాక్సిలును కృత్రిమముగా కల్పింపవలెను. ఆముదములోని క్రొవ్వు ఆమ్లములలో నూటికి 85 నుండి 90 పాళ్ళు రిసినోలిక్ ఆమ్లమే యగుటచే, పండ్రెండవ కర్బనముపై హైడ్రాక్సిలు ప్రకృతియే అమర్చి యిచ్చినది. ఒక్కొక్క నూనె అణువునకు సగటున 2.7 హైడ్రాక్సిలు లుండుటవలన, ద్వి-ఐసోసయనేటుతో కలిసినప్పుడు అది నేరుగా వలవంటి పాలియురిథేనునిచ్చును. పండ్రెండవ కర్బనమునకు ఆవలనున్న ఆరు కర్బనముల తోక ఎవ్వరును నాటకయే పార్శ్వముగా వ్రేలాడుచు పదార్థమును మెత్తబఱచుచుండును. తొమ్మిదవ పదవ కర్బనముల నడుమనున్న ద్విబంధము మరియొక వరము: దానికి కాంతి సహాయమున థయోలులను జోడించి, కార్బాక్సిలు గల మెర్కాప్టో ఎసిటిక్ ఆమ్లమును గాని, హైడ్రాక్సిలు గల మెర్కాప్టోఇథనాలును గాని తగిలింపవచ్చును. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో పాలియురిథేను పూతలపై విస్తారమైన పరిశోధన జరిగినది. అచ్చటినుండి 2007 లో వెలువడిన సమీక్ష ఈ రంగమున విరివిగా ఉదాహరింపబడుచున్నది.

శ్రీహరికోటలో పోతపోయు ఘన ఇంధనముకూడ ఈ కుటుంబమునకు చెందినదే. పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటి అంచెలోని సుమారు 138 టన్నుల ఇంధనమును పట్టియుంచు జిగురు, హైడ్రాక్సిలు చివరలు గల పాలీబ్యూటడయీనును ద్వి-ఐసోసయనేటుతో బిగించిన పాలియురిథేను. ఘన ఇంధనములు త్వరగా మండుటకు ఇనుము గల ఫెర్రోసీను ఉత్పన్నములను కలుపుట ప్రపంచమున వాడుకలో నున్నది. ద్రవరూపమున కలిపిన ఫెర్రోసీను నిలువలో మెల్లగా వలసపోయి, ఇంధనపు అంచులకు చేరి, ఒకచోట మంట హెచ్చు, ఒకచోట తక్కువ అగు ప్రమాదము కలదు. దీనికి విరుగుడుగా ఫ్రెంచివారు ఫెర్రోసీనును సిలికనుద్వారా పాలీబ్యూటడయీను ప్రక్కలనున్న ద్విబంధములకు గట్టిగా కట్టి, బ్యూటసీన్ అను పేర విక్రయించిరి. దేహమున ఆక్సీకరణ నిరోధకము ఊరిపోకుండుటకు ఏ యుక్తి పన్నిరో, మండెడు ఇంధనమునందును అదే యుక్తి పనికివచ్చుట చూడదగినది.

కొలతలు, హద్దులు

పార్శ్వ సమూహము నిజముగా చేరినదా, చేరినచో ఎంత చేరినదని తేల్చుట ఒక విద్య. నిర్మాణ సమయమున మిగిలిన ఐసోసయనేటును, అధికముగా డైబ్యూటైల్ అమైనును చేర్చి, మిగిలిన అమైనును ఉదజహరికామ్లముతో టైట్రేటు చేసి కనుగొందురు. పరారుణ వర్ణపటమున సెంటీమీటరునకు 2270 తరంగముల చోటనున్న ఐసోసయనేటు శిఖరము అదృశ్యమగుట చర్య ముగిసినదనుటకు గుర్తు. నత్రజనిపై మార్పు జరిగినప్పుడు 3300 ప్రాంతపు శిఖరము తగ్గును. ప్రోటాను అయస్కాంత అనునాదముతో పార్శ్వముల లెక్క తెలియును. అణుభారమును కొలువని పరిశోధనను పూర్తిగా నమ్మరాదు. ఏలయన, క్షారము శృంఖలమును త్రుంచినను పార్శ్వములు మాత్రము చక్కగా చేరియే యుండును, ఫలితము అందముగనే కనబడును, దారము మాత్రము లాగగానే తెగును.

ఐసోసయనేటుల విషస్వభావము వేరొక హద్దు. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాలులో వెలువడినది మిథైల్ ఐసోసయనేటు. అది కార్బరిల్ అను క్రిమిసంహారిణి తయారీకై నిలువయుంచినదే గాని పాలియురిథేనులకై కాదు. పాలియురిథేను పరిశ్రమలోని ద్వి-ఐసోసయనేటులు అంత తేలికగా ఆవిరికావు. ఐనను వాని ఆవిరిని నిరంతరము పీల్చువారికి ఉబ్బసము వచ్చుట చిరకాలముగా తెలిసినదే. ఐరోపా సమాఖ్య 2023 ఆగస్టునుండి వీనితో పనిచేయువారికి శిక్షణను తప్పనిసరి చేసినది.

ఐసోసయనేటును పూర్తిగా విడిచిపెట్టు మార్గమునందు, బొగ్గుపులుసు వాయువును ఎపాక్సైడుతో కలిపి పొందిన అయిదు పరమాణువుల వలయ కార్బొనేటును అమైనుతో తెఱతురు. అప్పుడు యురిథేను బంధముతోపాటు, ప్రతి బంధము ప్రక్కను ఒక్కొక్క హైడ్రాక్సిలు అప్రయత్నముగా ఏర్పడును. వేఱుగా నాటవలసిన పని లేదు. ఎన్నో దశాబ్దములుగా శ్రమించి పార్శ్వములను నాటుచుండిన రంగమున, పార్శ్వములే అధికమై సమస్యగా పరిణమించుట ఇచ్చట చూడవచ్చును. ఆ హైడ్రాక్సిలులు ఒండొంటితోను, గాలిలోని తేమతోను ఉదజని బంధములు పెంచుకొని, పదార్థమును నీటిని పీల్చునదిగా చేయును. పైగా వలయమును తెఱచు చర్య మందగించుట, శృంఖలములు పొట్టిగా నిలిచిపోవుట అను లోపములు కూడ కలవు. ఈ హైడ్రాక్సిలులలో కొన్నింటిని ఎసిటిక్ అన్‌హైడ్రైడుతోను, మరి కొన్నింటిని దీర్ఘశృంఖల ఆమ్లములతోను ఎస్టరులుగా మార్చి, ఎన్ని మిగిల్చిన జిగురు కలపను పట్టునో, ఎన్ని మిగిల్చిన పూత తడికి తట్టుకొనునో నిర్ణయించు పరీక్షలు ప్రస్తుతము అనేక ప్రయోగశాలలలో జరుగుచున్నవి.